తలుపు బయట తల్లి

(ముందుమాట)

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నాకు శిష్యురాలు కాదు. నేను రిటైరయ్యే ముందు ఆరేళ్లపాటు మా నవజాత శిశువుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసింది. నెలలు నిండని పిల్లల్ని ఎత్తుకోవడంలో ఆ చేతులకున్న నేర్పు నా చేతులకు ఎప్పుడూ రాలేదు. కనుమ మర్నాడు ఇంటికొచ్చి, దారంతో కుట్టిన కాగితాల కట్ట నా ముందు పెట్టి, "మేడమ్, మీరు నాలుగు మాటలు రాస్తేనే అచ్చుకిస్తాను" అంది. నలభై ఏళ్లు పిల్లల డాక్టరుగా గడిపినదాన్ని, ఈ విషయంలో నాకు కొత్తగా తెలిసేదేముంటుందిలే అనుకుంటూ మొదలుపెట్టాను. చదవడానికి రెండు రాత్రులు పట్టింది. రెండో రాత్రి ఒకచోట ఆగిపోయి, వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

అక్కడ ఆమె రాసింది ఇదీ. పన్నెండు వందల గ్రాముల బిడ్డను కన్న ఓ బాలింత, పెద్దాపరేషన్ కుట్లతో గోడ పట్టుకుని నడుచుకుంటూ వార్డు దాకా వచ్చింది. తలుపు మీద నోటీసు చూసింది. "నా బిడ్డని చూసుకోడానికి నాకు టైమింగులేంటి సిస్టర్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ రోజు తన దగ్గర జవాబు లేకపోయిందని ఈ అమ్మాయి రాసుకుంది. అలాంటి నోటీసుల మీద చాలా ఏళ్లు సంతకాలు పెట్టినదాన్ని నేను. అందుకే ఈ ముందుమాటను పుస్తకాన్ని మెచ్చుకోవడంతో సరిపెట్టలేను. ఆ నోటీసు సంగతి కూడా చెప్పాలి.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన కాలంలో నెలలు తక్కువ బిడ్డ పుడితే తల్లి కళ్లు తెరిచేలోగా బిడ్డను తీసుకెళ్లిపోయేవాళ్లం. ఊళ్లో జనం "బాక్సులో పెట్టారు" అనేవారు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, అదీ అద్దంలోంచి చూపించేవాళ్లం. లోపలికి రానిస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుందని చెప్పేవాళ్లం, అదే నమ్మేవాళ్లం. డాక్టర్లం, నర్సులం, ఆయమ్మలు, ఎక్స్‌రే తీసేవాళ్లు రోజుకి ఎన్నిసార్లు ఆ తలుపు దాటి ఎంతమంది పిల్లల్ని ముట్టుకునేవాళ్లమో లెక్క లేదు. ఆ బిడ్డను తొమ్మిది నెలలు మోయబోయి ఏడు నెలలే మోయగలిగిన మనిషి ఒక్కతే మా దృష్టిలో క్రిములు మోసుకొచ్చే మనిషి.

ఆ రోజుల్లో నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో ఇరవై మూడు రోజులు బాక్సులో ఉన్న ఆడపిల్లను తల్లి చేతికిచ్చాం. పొత్తిళ్లలోకి చూసి ఆమె నెమ్మదిగా అడిగింది: "ఇది నా బిడ్డేనా డాక్టరమ్మా?" మేం నవ్వి, చేతికున్న నంబరు చూపించాం. ఆమె అడిగింది నంబరు గురించి కాదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇరవై మూడు రోజుల్లో ఆమెకు పాలు ఇంకిపోయాయి. బిడ్డను పట్టుకోవడం కొత్త, బిడ్డ ఏడుపు కొత్త, ఆ ఏడుపులో ఏది ఆకలో ఏది నొప్పో తెలియదు. పది రోజులకు మళ్లీ వచ్చారు. నీళ్లు కలిపిన గేదెపాలు పడుతున్నారు. బరువు మేం పంపినప్పటికన్నా తగ్గింది. ఆ పిల్ల దక్కలేదు. కేస్ షీట్‌లో విరేచనాలు అని రాశాం. అది అబద్ధం కాదు, కానీ అసలు కారణం రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఈ అద్దం మనది కాదు, పారిస్ నుంచి వచ్చింది. 1880లో అక్కడి ప్రసూతి ఆస్పత్రిలో స్టెఫాన్ టార్నియే అనే వైద్యుడు, కోడిగుడ్లు పొదిగించే వెచ్చని పెట్టెను చూసి, అలాంటిదాన్నే పిల్లలకు చేయించాడు. దానివల్ల ఎందరో పిల్లలు బతికారు, అందులో సందేహం లేదు. టార్నియే దగ్గర పనిచేసిన పియెర్ బుదాఁ ఇంకొక సంగతి గమనించాడు. బిడ్డకు దూరంగా ఉంచిన తల్లులకు కొన్ని వారాల్లో ఆ బిడ్డ మీద ధ్యాస తగ్గిపోతోందని, కొందరు వదిలేసి వెళ్లిపోతున్నారని చూసి, తల్లి పాలివ్వాలి, తల్లి దగ్గరే ఉండాలి అని 1900లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. పెట్టె ప్రపంచమంతా తిరిగింది. ఆ మాట తిరగలేదు. అమెరికాలో కోనీ ఐలండ్ అనే వినోద స్థలంలో మార్టిన్ కూనీ అనే ఆయన ఈ పెట్టెల్లో పిల్లల్ని పెట్టి, టికెట్ కొన్న జనానికి అద్దంలోంచి చూపించాడు. ఆ డబ్బుతోనే ఆ పిల్లల వైద్యం జరిగేది. 1940ల దాకా సాగింది ఆ ప్రదర్శన. టికెట్ లేదన్న మాటే గానీ, మా వార్డు బయట తల్లి నిలబడి చూసింది కూడా అలాంటి అద్దంలోంచే.

ఆ అద్దాన్ని తీసేసిన చోటు కూడా ఒకటుంది. కొలంబియా రాజధాని బొగోటాలో మటర్నో ఇన్‌ఫాంటిల్ అనే పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఉండేది. పేదలు కాన్పులకు వచ్చే చోటు. ఒక్కో ఇంక్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లలు. ఒకరి జబ్బు ఒకరికి అంటుకునేది, చావులెక్కువ, వదిలేసి వెళ్లిపోయిన బిడ్డలూ ఎక్కువే. 1978లో అక్కడి పిల్లల వైద్యుడు ఎద్గార్ రేయ్, ఆ మరుసటేడు ఆయనతో కలిసిన హెక్టర్ మార్టినెస్, కాస్త కుదుటపడిన పిల్లల్ని పెట్టెలోంచి తీసి, బట్టల్లేకుండా తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, గుడ్డతో కట్టారు. కంగారూ పిల్ల పుట్టినప్పుడు చిక్కుడు గింజంత ఉంటుంది. తల్లి సంచీలోనే పాలు తాగుతూ పెరుగుతుంది. ఆ జంతువు పేరే ఈ పద్ధతికి పెట్టారు.

పేరు గురించి ఒక మాట చెప్పాలి. మన భాషలో కంగారు అంటే వేరే అర్థం. "అమ్మా, నీ బిడ్డకి కంగారూ కేర్ ఇద్దాం" అంటే, అప్పటికే గుండెలరచేత పట్టుకుని కూర్చున్న తల్లి ఇంకా బెదిరిపోయేదట. అందుకని ఈ అమ్మాయి వార్డులో ఆ మాట మానేసి, "బిడ్డని ఎదకేసుకో తల్లీ" అనడం మొదలుపెట్టింది. పుస్తకమంతా అదే మాట వాడింది. అచ్చువేసేవాళ్లు దాన్ని మార్చి శాస్త్రీయమైన పదమేదో పెట్టాలని చూస్తే ఒప్పుకోవద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. ఆ మాట వినగానే ఏ చదువూ లేని తల్లి చేతులు కూడా ఏం చేయాలో అది చేస్తాయి.

బొగోటా వార్త మా దాకా వచ్చినప్పుడు నేను పట్టించుకోలేదు. పెట్టెలు కొనలేని దేశపు సర్దుబాటు అనుకున్నాను. మన దగ్గర ఎన్ని పెట్టెలున్నాయని ఆలోచించనే లేదు. నా అనుమానానికి వత్తాసు కూడా దొరికింది. 1985లో ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు బొగోటా వెళ్లి చూసి, ఆ లెక్కలు సరిపోల్చదగినవి కావని లాన్సెట్ పత్రికలో రాశారు. పుట్టిన తొలి గంటల్లో, తొలి రోజుల్లో పోయిన పిల్లలు ఆ లెక్కలోకి రాలేదన్నది వాళ్ల అభ్యంతరం. అది న్యాయమైన విమర్శే. అలా అడిగేవాళ్లు ఉండబట్టే ఈ పద్ధతికి తర్వాత గట్టి రుజువులు దొరికాయి. 1993లో నతాలీ షార్పాక్ అనే వైద్యురాలు అదే బొగోటాలో ఏడు వందలకు పైగా పిల్లల్ని, ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ పద్ధతిలో నిర్ణయించి, పోల్చి చూడడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల్ని వెతికి పట్టుకుంది. తల్లి ఎద మీద పెరిగిన గుంపులో మరణాలు 3.5 శాతం, రెండో గుంపులో 7.7 శాతం. బతికినవాళ్లలో కూడా ఎద మీద పెరిగినవాళ్లకు దూకుడు తక్కువ, బడి ఎగ్గొట్టడం తక్కువ. ఇరవై ఏళ్లపాటు ఒక ప్రశ్నను వదలకుండా పట్టుకున్న ఆ ఓపికకు నేను దండం పెడతాను.

ఎద మీద ఏం జరుగుతుందో ఈ పుస్తకం చెప్పినంత తేటగా మా పాఠ్యపుస్తకాలు చెప్పలేదు. నెలలు నిండిన బిడ్డ చివరి మూడు నెలల్లో చర్మం కింద కొవ్వు కూడబెట్టుకుని వస్తుంది. ముందే పుట్టిన బిడ్డకు ఆ నిల్వ ఉండదు. చర్మం ఉల్లిపొరలా పలచగా ఉంటుంది, ఒంట్లో తడి దానిలోంచే ఆరిపోతుంది. బరువు తక్కువ, బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. అందుకే మనకు ఉక్కపోసే గదిలో కూడా ఆ బిడ్డ చల్లబడిపోతుంది. ఒళ్లు 36.5 డిగ్రీల కన్నా దిగితే, ఆ వేడిని తిరిగి తెచ్చుకోవడానికి ఉన్న కాస్త చక్కెరనూ ప్రాణవాయువునూ ఖర్చు చేస్తుంది. ఇక ఊపిరికి, ఎదుగుదలకు ఏం మిగులుతుంది? తల్లి ఎద మీద పెడితే ఆ ఖర్చు ఆగుతుంది. ఆమె ఛాతీ వేడి బిడ్డ అవసరాన్ని బట్టి సర్దుకుంటుంది. కరెంటు పోయినా ఆ వేడి పోదు. వేసవిలో ఆస్పత్రి జనరేటర్ మొరాయించిన రాత్రులు తెలిసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

ఈ పిల్లలు ఊపిరి తీయడం మరచిపోతుంటారు. కొన్ని క్షణాలు ఆగిపోతారు, నీలంగా మారతారు, అరికాలు తట్టాలి. తల్లి ఛాతీ లేచి దిగే కదలిక, గుండె చప్పుడు ఆ మరుపును తగ్గిస్తాయి. ఆగితే ముందు కనిపెట్టేదీ తల్లే. రాత్రి పూట పది మంది పిల్లల మధ్య ఒక్క నర్సు తిరుగుతుంటే, ఆ బిడ్డ ఒక్కదాన్నే కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంకెవరున్నారు? తల్లి ఒంటి మీది సూక్ష్మజీవులు బిడ్డకు ముందుగా అలవాటైతే, మందులకు లొంగని ఆస్పత్రి క్రిములకు చోటు తగ్గుతుంది. ఇన్‌ఫెక్షన్ భయంతో మేం ఎవరిని బయట నిలబెట్టామో, బిడ్డను దాని నుంచి కాపాడగలిగింది ఆమే. ఇది తెలిసిన రోజున నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

పాల సంగతి చూడండి. ముప్ఫైనాలుగు వారాల లోపు పుట్టిన బిడ్డకు చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం రాదు. గొట్టంతో పట్టాలి, తర్వాత ఉగ్గుగిన్నెతో. మన అమ్మమ్మల వెండి ఉగ్గుగిన్నె ముక్కులాంటిదే ఇప్పుడు నర్సులు వాడే స్టీలు గిన్నెకూ ఉంటుంది. దాన్ని పాలాడై అని తమిళ పేరుతో పిలుస్తారు. ఉగ్గు పట్టే విధానాన్ని ఈ అమ్మాయి రెండు పేజీల్లో రాసింది. బిడ్డ తల ఎంత ఎత్తున ఉండాలి, గిన్నె ముక్కు పెదవి మీద ఎక్కడ ఆనాలి, ఎప్పుడు ఆగాలి, బిడ్డ మింగిందని గొంతు దగ్గర ఎలా తెలుస్తుంది. ఆ రెండు పేజీలు ప్రతి పుట్టింట్లోనూ ఉండాలి. బిడ్డ ఎద మీద ఉంటే తల్లికి పాలు బాగా పడతాయన్నది ఆమె రోజూ చూసిన విషయం. తల్లి పాలు దొరకని బిడ్డలకు దాతల పాలు ఇచ్చే ఏర్పాటు హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి పేరుతో 2017లో మొదలైంది. అలాంటివి ఇంకా కావాలి. అయితే బిడ్డకు ముందు సొంత తల్లి పాలు, అవి పడాలంటే ముందు ఎద మీద చోటు.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయానికి వస్తాను. ఈ పద్ధతిని ఒప్పుకున్నాక కూడా మేం పాటించిన సూత్రం ఒకటుంది: "బిడ్డ స్థిరపడ్డాక ఇద్దాం." మూడు రోజులో, వారమో పెట్టెలో ఉంచి, బరువు నిలబడ్డాక తల్లికి ఇచ్చేవాళ్లం. దాన్ని జాగ్రత్త అనుకునేవాళ్లం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఐదు ఆస్పత్రుల్లో ఈ సూత్రాన్నే పరీక్షకు పెట్టింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి. కిలో నుంచి సుమారు కిలో ఎనిమిది వందల గ్రాముల మధ్య పుట్టిన 3,211 మంది పిల్లలు. సగం మందికి పుట్టిన వెంటనే తల్లి ఎద, మిగతా సగం మందికి మేం ఇచ్చినట్టే స్థిరపడ్డాక. మొదటి గుంపు పిల్లలు ఐసీయూలో ఉన్నంతకాలం రోజుకి దాదాపు పదిహేడు గంటలు ఎద మీద ఉన్నారు, రెండో గుంపు పిల్లలు గంటన్నర. ఇరవై ఎనిమిది రోజుల్లో మొదటి గుంపులో నూటికి 12 మంది పోయారు, రెండో గుంపులో నూటికి 15.7 మంది. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే, పిల్లలకు దీన్ని ఇవ్వకుండా ఆపడం న్యాయం కాదని పర్యవేక్షక బృందం చెప్పడంతో ప్రయోగాన్ని మధ్యలోనే నిలిపేశారు. 2021 మేలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అప్పటికి నేను ఉద్యోగం వదిలేశాను. మా లెక్కన "జాగ్రత్త" తీసుకున్న ఆ రోజుల్లో పోయిన ఆ నూటికి ముగ్గురు నలుగురు పిల్లలు ఎవరెవరై ఉంటారో అని ఆ పత్రం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం మార్చింది. నెలలు నిండని బిడ్డకైనా, బరువు తక్కువ బిడ్డకైనా పుట్టిన వెంటనే మొదలుపెట్టాలి, రోజుకి ఎనిమిది నుంచి ఇరవై నాలుగు గంటలు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. తనంతట తాను ఊపిరి తీయలేని బిడ్డ, షాక్‌లో ఉన్న బిడ్డ, వెంటిలేటర్ అవసరమైన బిడ్డ, ఈ ముగ్గురికే మినహాయింపు. ఊపిరికి సాయం చేసే సీప్యాప్ యంత్రం మీద ఉన్న బిడ్డను కూడా, గొట్టాలు జాగ్రత్తగా సర్ది, ఎద మీద ఉంచవచ్చు. 2020లో ప్రపంచంలో సుమారు కోటీ ముప్ఫై నాలుగు లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. అందులో ముప్ఫై లక్షల దాకా మన దేశంలోనే. అలాంటి పిల్లల తల్లులంతా ఈ నియమం పరిధిలోకి వస్తారు. వాళ్లలో ఎంతమంది ఇంకా తలుపు బయటే ఉన్నారో ఏ ఊరి ఆస్పత్రికి వెళ్లినా తెలుస్తుంది.

రాతప్రతిలో నాకు నచ్చని మాటలు రెండున్నాయి. రెండింటినీ ఆమెకు చెప్పాను. ఒకదాన్ని మార్చింది, ఒకదాన్ని అలాగే ఉంచింది. అది ఆమె హక్కు.

మార్చింది ఇది. "ఖర్చు లేని వైద్యం" అని రాసింది. కొట్టెయ్యమన్నాను. బిడ్డను రోజుకి పదహారు గంటలు ఎద మీద ఉంచుకోవాలంటే తల్లికి వార్డులోనే మంచం కావాలి, వెనక్కి వాలే వీలుండాలి, వేళకు అన్నం కావాలి, పక్కనే మరుగుదొడ్డి ఉండాలి. ఆమెకూ జ్వరం వస్తుంది, ఆమె బీపీ కూడా చూడాలి, అంటే కాన్పుల విభాగమూ పిల్లల విభాగమూ ఒకే గదిలో పనిచేయాలి. సఫ్దర్‌జంగ్‌లో తల్లికీ బిడ్డకూ కలిపే ఐసీయూ కట్టారు. అక్కడ ఆక్సిజనూ ఉంది, మందులూ ఉన్నాయి, నర్సులూ ఉన్నారు. ఇంటి దగ్గర పెద్ద పిల్లను ఎవరో చూసుకోవాలి. భర్త కూలి పోతుంది. ఇవన్నీ ఖర్చే. ఖర్చు లేదంటే ప్రభుత్వం యంత్రాలు కొనకపోవడానికి సాకు దొరుకుతుంది, కార్పొరేట్ ఆస్పత్రికి ఇది పేదవాళ్ల వైద్యమని తీసిపారేయడానికి సాకు దొరుకుతుంది. పెట్టె కావాల్సిన బిడ్డకు పెట్టె ఉండాలి, తల్లి కావాల్సిన బిడ్డకు తల్లి ఉండాలి, చాలామంది బిడ్డలకు రెండూ కావాలి.

మార్చనిది ఇది. "మన పెద్దలకు ఇది ముందే తెలుసు" అని ఒకచోట రాసింది. నేను ఒప్పుకోను. మా మేనమామ ఏడో నెలలో పుట్టాడు. దూదిలో చుట్టి, కుంపటి పక్కన పడుకోబెట్టి పెంచారని మా అమ్మమ్మ చెప్పేది. బతికాడు. అతనికి ముందు పుట్టిన ఇద్దరు బతకలేదు. మన ఇళ్లలో బాలింతను మైల అని వెనక గదిలో పెట్టారు. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోశారు. పుట్టిన వెంటనే బిడ్డకు నీళ్లు పోసి ఒళ్లు చల్లబరిచారు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని చెప్పుకుని, ఎనిమిదో నెల బిడ్డ మీద ఆశ వదిలేసుకున్నారు. మన అమ్మమ్మల ప్రేమ గొప్పది, వాళ్లకు తెలిసింది వాళ్లు చేశారు. తెలియనిది కొలంబియా నుంచి వస్తే కృతజ్ఞతతో తీసుకోవాలి.

అయితే ఆ అమ్మమ్మలు లేకుండా ఇది సాగదు. పుస్తకంలో అత్తగార్ల అధ్యాయం అందుకే నాకు ఎంతో నచ్చింది. కోడలు జాకెట్టు విప్పి బిడ్డను పెట్టుకుంటే వార్డులో మగవాళ్లు తిరుగుతారని మొదట గొడవపడిన ఒక అత్తగారు, తెర కట్టించుకుని, కోడలికి జ్వరం వచ్చిన రెండు రోజులూ తనే బిడ్డను ఎదకేసుకుంది. తల్లికి వీలుకానప్పుడు అమ్మమ్మ, నానమ్మ, పిన్ని, మేనత్త ఎవరైనా ఈ పని చేయవచ్చు. తండ్రి కూడా. కవల పిల్లలు పుట్టిన ఓ ఆటో డ్రైవరు గురించి రాసింది. ఒక బిడ్డ తల్లి మీద, రెండో బిడ్డ అతని మీద. పగలు ఆటో నడిపి, సాయంత్రం ఆస్పత్రి కుళాయి దగ్గర స్నానం చేసి, ఉతికిన చొక్కా గుండీలు విప్పుకుని వచ్చి కూర్చునేవాడట. మొదటి రోజు ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చుంటే, "అన్నా, నువ్వు ఊపిరి పీల్చుకోవచ్చు, బిడ్డకేం కాదు" అని చెప్పిందట ఈ అమ్మాయి. డిశ్చార్జి నాటికి ఇద్దరు పిల్లలూ ఒకే బరువుకొచ్చారు.

నర్సుల గురించి ఆమె తక్కువ రాసుకుంది, తనూ నర్సే కాబట్టి. నేను చెప్తాను. తల్లుల్ని లోపలికి రానిస్తే పని పెరుగుతుందని మొదట నర్సులే భయపడతారు. గొట్టాలు ఊడతాయని, వైర్లు లాగేస్తారని. ఆ భయాన్ని కసురుకుంటే పోదు. రెండు వారాలు ఓపికగా పక్కన నిలబడి చూపించాలి. బిడ్డను ఎద మీద నిలువుగా పెట్టడం, కాళ్లను కప్ప కాళ్లలా మడవడం, తల ఒక పక్కకు తిప్పి గడ్డం కాస్త పైకి ఉంచడం, ముక్కూ నోరూ కనబడేలా చూసుకోవడం, టోపీ, సాక్సులు, పొత్తిగుడ్డ, పైన మెత్తటి చున్నీ కట్టు. నేర్చుకున్న తల్లి మూడో రోజుకి పక్క మంచం తల్లికి నేర్పుతుంది. అప్పుడు నర్సు చేతికి ఖాళీ దొరికి, నిజంగా జబ్బుగా ఉన్న బిడ్డను చూడగలుగుతుంది. ఈ అమ్మాయి ఆ రెండు వారాలు ఒక్కసారి కాదు, బ్యాచి బ్యాచికీ నిలబడింది. రాత్రి డ్యూటీల్లో, ఎవరూ చూడనప్పుడు, నోటీసులో రాసిన టైమింగు దాటిపోయినా తల్లుల్ని లోపల ఉండనిచ్చింది కూడా. అది నాకు తెలుసు. ఆమెకు మెమో ఇవ్వాల్సిన స్థానంలో ఉండి కూడా నేను ఇవ్వలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో దాన్ని కూడా లెక్కవేసుకుంటాను.

ఇంటికి వెళ్లాక కూడా ఎద మీది చోటు ఖాళీ చేయకూడదు. రెండున్నర కిలోల దాకా, లేదా ఇక చాలని బిడ్డే కాళ్లతో తన్ని చెప్పేదాకా, పెట్టుకోవచ్చు. చెప్పిన తేదీకి బరువు చూపించడం, కళ్ల పరీక్ష, వినికిడి పరీక్ష మానకూడదు. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి ఎగపోసినా ఆ రాత్రే ఆస్పత్రికి బయల్దేరాలి, తెల్లవారనిద్దాం అనుకోకూడదు. ఈ విషయాలన్నీ పెద్ద అక్షరాలతో, బొమ్మలతో పుస్తకం చివర ఉన్నాయి. ఆ పేజీలు చింపి గోడకు అంటించుకోమని రచయిత్రే రాసింది.

చిరంజీవి ఈ అమ్మాయిని నిండు మనసుతో ఆశీర్వదిస్తున్నాను. ఆమె చేతుల మీదుగా ఇళ్లకు వెళ్లిన పిల్లలు చల్లగా ఉండాలి.

ఆస్పత్రి నడిపేవాళ్లారా, ఈ పుస్తకం తెరిచే ముందు లేచి వెళ్లి మీ శిశువుల వార్డు తలుపు మీది నోటీసు చదవండి. అందులో తల్లికి టైమింగు ఉంటే తీసేయండి. లోపల వాలు కుర్చీ వేయడానికి ఎక్కడ చోటుందో చూడండి. ఇక ఈ పుస్తకం చేతిలో పట్టుకుని ఆ తలుపు బయట కూర్చున్న తల్లీ, నువ్వు లేచి సిస్టర్‌ని పిలువు. "నా బిడ్డని నా ఎద మీద ఎప్పుడు పెడతారు?" అని అడుగు. ఇవాళ కుదరదంటే ఎందుకు కుదరదో అడుగు, రేపు మళ్లీ అడుగు.